పెదవి పొక్కులకు చైనా మూలిక: మొక్క మనది, చీటీ వాళ్లది

గత రెండేళ్లుగా హోసూరు, కృష్ణగిరి, బెంగళూరు వైపు మన తెలుగు ఇళ్లలో ఒక కొత్త డబ్బా కనబడుతోంది. పైన చైనా అక్షరాలు, కింద చిన్న ఇంగ్లీషు ముక్కలు, లోపల ఆకుపచ్చ పొడి నింపిన క్యాప్సూల్స్. సింగపూరులోనో మలేషియాలోనో ఉద్యోగం చేసే పిల్లలు తెచ్చినవి కొన్ని, సెల్‌ఫోన్‌లో ఆర్డరు పెడితే ఇంటికి వచ్చినవి కొన్ని. పెదవి పేలినప్పుడు ఇవి మింగితే నాలుగు రోజుల్లో మానిపోతుందని, మళ్లీ జన్మలో రాదని అమ్మేవాళ్లు చెబుతున్నారట. సంఘం కార్యాలయానికి వచ్చినవాళ్లలో దీని గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే ఈ నెల భవనం పన్ను సంగతి పక్కన పెట్టి ఈ విషయం రాస్తున్నాం.

మాది వైద్యం కాదు. ప్రభుత్వ ఆసుపత్రి స్టోర్స్‌లో ముప్పయ్యేళ్లు గుమాస్తా పని చేసి ఇండెంట్లు, స్టాకు రిజిస్టర్లు రాసినవాళ్లం. ఏ డబ్బా చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లోపలి సరుకు పేరు చూసే అలవాటు అక్కడ పట్టుకుంది. ఈ చైనా డబ్బానూ అలాగే తిప్పి చూశాం. వెనక సన్నటి అక్షరాల్లో ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా అని మొక్క శాస్త్రీయ నామం ఉంది. మాకు వరసకు పిన్ని అయ్యే పెద్దావిడ ఒకామె అక్కడే కూర్చుని ఉంది. ఒక గొట్టం చిదిమి పొడి నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించి, "ఒరే అబ్బాయ్, ఇది నేలవేమురా" అని తేల్చేసింది. ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. తమిళనాడులో నిలవేంబు, కర్ణాటకలో నెలబేవు, ఒడిశాలో భూయినింబ, ఉత్తరాదిన కాల్‌మేఘ్ అనేది ఈ మొక్కనే. చైనావాళ్లు చువాన్ షిన్ లియాన్ అంటారు. గుండెలోంచి దూసుకుపోయే తామర అని ఆ మాటకు అర్థం. చేదు ఎంత లోతుకు దిగుతుందో పేరులోనే చెప్పారు.

మందు సంగతికి ముందు జబ్బు ఏమిటో తేల్చుకోవాలి. మన ఇళ్లలో జరుగుతున్న గందరగోళంలో సగం అక్కడిదే.

జ్వరం వచ్చి తగ్గుతున్నప్పుడో, ఎండలో బాగా తిరిగినప్పుడో, పరీక్షల ముందు నిద్ర చాలనప్పుడో పెదవి అంచున మొదట చిమచిమలాడుతుంది. మర్నాటికి చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. అవి పగిలి, చెక్కు కట్టి, వారం పది రోజుల్లో మచ్చ లేకుండా పోతాయి. దీన్నే మనం పెదవి పేలడం అంటాం. కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్, అందులో ఎక్కువగా మొదటి రకం. ఒకసారి ఒంట్లోకి వస్తే ముఖానికి స్పర్శ ఇచ్చే నరం మొదట్లో దాక్కుని జీవితాంతం అక్కడే ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు నరం వెంట కిందికి దిగి, ఎప్పుడూ వచ్చే చోటే మళ్లీ పొక్కుగా లేస్తుంది. దాన్ని ఒంట్లోంచి పూర్తిగా వెళ్లగొట్టే మందు ఈనాటికి ఏ వైద్యంలోనూ లేదు. మళ్లీ జన్మలో రాదన్న మాట అబద్ధమని తెలుసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

నోటి లోపల, చెంప వైపు, నాలుక మీద తెల్లగా గుంటలు పడి మంట పుట్టేది నోటిపూత. అది వేరు. దానికి ఈ వైరస్‌తో సంబంధం లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నడుము చుట్టూనో వీపు మీదో ఒకే పక్క పట్టీలా లేచి నిప్పులా మండే సర్పి మూడోది. తమిళులు దాన్ని అక్కి అంటారు, కన్నడిగులు సర్పసుత్తు అంటారు. అది చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్ పెద్దయ్యాక మళ్లీ లేవడం. పెదవి పొక్కు వైరస్‌కు చుట్టమే గాని అదీ ఇదీ ఒకటి కాదు. ఈ మూడింటికీ మన ఇళ్లలో ఒకటే మాట, వేడి చేసిందని. మూడింటికీ ఒకటే మందు వెతుకుతారు.

ఇక హెర్పిస్ అన్న మాట. మా పేటలోనే పెళ్లి కుదిరిన ఒక అమ్మాయికి తాంబూలాలకు వారం ముందు పెదవి పేలింది. తల్లి ఫోన్‌లో వెతికితే హెర్పిస్ అని వచ్చింది, దాని పక్కనే సుఖవ్యాధి అన్న మాటా వచ్చింది. ఇక ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఊళ్లో తెలిసిపోతుంది, పార్సిల్ అయితే ఎవరికీ తెలియదని ఈ డబ్బా తెప్పించారు. అది వచ్చేసరికి పొక్కు ఎండిపోయింది. అయినా అమ్మాయి చేత నెల రోజులు మింగించారు. ఇలాంటి ఇళ్లు ఒకటి రెండు కాదని మాకు తర్వాత తెలిసింది. డబ్బాలు అమ్ముడవుతున్నది మూలిక మహిమ వల్ల కాదు, సిగ్గు వల్ల.

ఆ సిగ్గుకు అర్థం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో సుమారు 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి, ఈ మొదటి రకం వైరస్ ఒంట్లో ఉంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు, ఒక్క పొక్కూ లేవదు. ఇది ఎక్కువగా వచ్చేది చిన్నతనంలో, ముద్దు వల్ల, ఎంగిలి వల్ల. నాయనమ్మ ముద్దాడితే వచ్చినదానికి మనవరాలి శీలాన్ని శంకించడం ఏం న్యాయం? కొందరిలో ఈ రకం వైరస్ కింది భాగాల్లోనూ పుండ్లు తెస్తుందన్నది నిజమే. కానీ పెదవి మీది పొక్కు చూసి మనిషి నడతను లెక్కగట్టడానికి ఏ ఆధారమూ లేదు. పెళ్లి చూపులకు వెళ్లే పెద్దలు ఈ పేరా రెండుసార్లు చదువుకోవాలని మా మనవి.

ఇప్పుడు చైనా వైపు వద్దాం. చైనా సంప్రదాయ వైద్యంలో పెదవి పొక్కుకు ఒక పేరుంది, ర చువాంగ్. వేడి పుండు అని అర్థం. మనం వేడి చేసింది అన్నచోట వాళ్లు షాంగ్ హువో అంటారు, అగ్ని పైకెక్కిందని. వేపుడు తిన్నా, రాత్రి మేలుకున్నా, కోపం వచ్చినా అగ్ని పైకెక్కుతుందట, అప్పుడు నోరు పూస్తుంది, పెదవి పేలుతుంది. దానికి విరుగుడు చలవ చేసే చేదు. మన అమ్మమ్మ చెప్పినట్టే ఉంది కదా! చైనా డబ్బా మీది మాటలు మన ఇళ్లలో ఇంత సులువుగా నాటుకోవడానికి కారణం ఇదేనని మా అభిప్రాయం. కొత్త మాట చెప్పి ఒప్పించాల్సిన పని అమ్మేవాడికి లేదు, మన పాత మాటనే కొత్త కాగితంలో చుట్టి ఇస్తే చాలు.

తమాషా ఏమిటంటే ఈ మొక్క చైనాలోనూ పాతది కాదు. దీని పుట్టిల్లు మన దేశం, శ్రీలంక. చైనావాళ్ల వేల ఏళ్ల నాటి మూలికా గ్రంథాల్లో ఇది కనబడదు. దక్షిణ చైనా మూలికల మీద 1932లో వచ్చిన ఒక పుస్తకంలో మొదటిసారి దీని ప్రస్తావన ఉంది. ఆ తర్వాత గ్వాంగ్‌డాంగ్, ఫుజియాన్ రాష్ట్రాల్లో సాగు పెరిగింది, ప్రభుత్వ ఔషధ గ్రంథంలోకీ ఎక్కింది. ఆ గ్రంథంలో దీని ఉపయోగాల పట్టిక పెద్దదే. జలుబుతో వచ్చే జ్వరం, గొంతు వాపు, దగ్గు, విరేచనాలు, మూత్రంలో మంట, గడ్డలు, పాముకాటు కూడా అందులో ఉన్నాయి. వాటి మధ్య నోరు, నాలుక పుండ్లు అని ఒక మాట ఉంది. మనం నోటిపూత అనేదే అది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ పుండ్లు కాస్తా పెదవి పొక్కులయ్యాయి, డబ్బా మీద కొత్త జబ్బు చేరింది. అనువాదంలో ఒక్క మాట జారితే సరుకు ఎలా అమ్ముడవుతుందో నాలుగు భాషల మధ్య బతికే మనకు ఒకరు చెప్పాలా?

ఇంకొక సంగతి. అసలైన చైనా వైద్యుడు ఇలా ఒక్క మూలికను గొట్టంలో పోసి అందరికీ ఇవ్వడు. నాడి చూసి, నాలుక చూసి, మనిషిని బట్టి పది పదిహేను మూలికలు కలిపి కషాయం రాస్తాడు. ఆ పద్ధతి మీద నమ్మకం ఉండడం, లేకపోవడం ఎవరిష్టం వాళ్లది. కానీ ఈ డబ్బా ఆ పద్ధతి కూడా కాదు.

సరే, మొక్క మనదే అయింది. నాటుమందు షాపులో పది రూపాయలకు నిలవేంబు పొడి తెచ్చుకుని కాచుకుంటే సరిపోదా? ఈ ప్రశ్న మాకు డబ్బా చూపించినవాళ్లకంటే డబ్బాను తిట్టినవాళ్లే ఎక్కువగా వేశారు. దీనికి జవాబు రెండు భాగాలుగా చెప్పాలి.

మొదటిది, పని చేస్తుందా అన్నది. నేలవేములోని చేదు పదార్థం ఆండ్రోగ్రఫోలైడ్. ఇది పెదవి పొక్కు వైరస్‌ను అడ్డుకుంటుందని 2005లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. డబ్బా అమ్మేవాళ్లు చూపించేది దాన్నే. అయితే అది గాజు పళ్లెంలో, కణాల మీద జరిగిన పరీక్ష. పళ్లెంలో వైరస్‌ను ఆపేవి లెక్కలేనన్ని ఉంటాయి. నోట్లో వేసుకున్న పొడి కడుపులో అరిగి, నెత్తురులో కలిసి, పెదవి దాకా ఎంత చేరుతుందన్నది వేరే లెక్క. జలుబు, గొంతునొప్పి మీద మనుషుల్లో ఈ మొక్కకు పరీక్షలు జరిగాయి, కొంత ఉపశమనం కనబడిందని కూడా తేలింది. పెదవి పొక్కుల మీద అలా నిలబడే మానవ పరీక్ష లేదు. గొంతుకు పనికొచ్చిందని పెదవికి వాడడం, పక్కింటి ఖాతాలో జమ చూపి మన ఇంటికి అప్పు అడిగినట్టు ఉంటుంది.

తమిళనాడులో ఉన్న మనవాళ్లకు ఈ వాదన కొత్త కాదు. డెంగీ రోజుల్లో నిలవేంబు కుడినీర్ పంచడం చూశాం, తాగాం. అది తొమ్మిది సరుకుల సిద్ధ కషాయం, నేలవేము అందులో ఒకటి. 2017 అక్టోబరులో నటుడు కమల్ హాసన్, సరైన పరిశోధన జరిగేదాకా దీన్ని పంచే పనిలో పాల్గొనవద్దని తన అభిమానులను కోరితే ఎంత రభస అయిందో గుర్తుండే ఉంటుంది. థాయ్‌లాండ్‌లో ఇదే మొక్కను కోవిడ్ కాలంలో ప్రభుత్వమే అనుమతించింది, జైళ్లలో ఖైదీలకూ ఇచ్చారు. 2021 ఆగస్టులో అక్కడి పరిశోధకులు లెక్కలో పొరపాటు దొర్లిందని తమ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. చైనాలోనే 2003 ఫిబ్రవరిలో సార్స్ భయానికి గ్వాంగ్‌జౌ జనం బాన్ లాన్ గెన్ అనే వేరు కోసం కొట్ల ముందు వరుసలు కట్టారు, ధర ఆకాశానికెక్కింది. భయం ముందు, పరీక్ష తర్వాత. అన్ని దేశాల్లోనూ వరస ఇదే.

పెదవి పొక్కు మీద ఏ మందైనా మంచి పేరు తెచ్చుకోవడం తేలిక. జలుబుకు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని మనవాళ్లు నవ్వుకుంటారు కదా, ఇదీ అంతే. మూడో రోజు గొట్టం మింగితే ఎనిమిదో రోజుకు మానుతుంది, మింగకపోయినా ఎనిమిదో రోజుకే మానుతుంది. ఖ్యాతి గొట్టానిది.

రెండో భాగం, మనం తెచ్చుకున్నది నేలవేమేనా అన్నది. ఇక్కడ మన పరిస్థితి మిగతావాళ్లకంటే చిక్కుగా ఉంది. హిమాలయాల్లో పెరిగే చిరాయత అనే చేదు మొక్క వేరే ఉంది. దక్షిణాది బజారులో కిరాయత్ పేరుతో నేలవేమును దానికి బదులు అమ్ముతారు, నేలవేము అడిగితే చిరాయత కట్టే చోట్లూ ఉన్నాయి. సోలాపూరులో ఉన్న మన ఆడపడుచు కిరాయత్ అని తెచ్చుకునేదీ, హోసూరులో మనం నిలవేంబు అని తెచ్చుకునేదీ ఒకటే కావచ్చు, కాకపోనూవచ్చు. పిన్ని నాలుక మీద పెట్టి చెప్పగలదు. ఆమె తరం పోయాక చెప్పేవాళ్లెవరు?

ఇది చిన్న విషయం కాదు. 1990 దశకం మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో సన్నబడడానికి చైనా మూలికలు వాడిన వంద మందికి పైగా ఆడవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కారణం, రాసిన మూలిక ఫాంగ్ జి ఒకటి, కలిసినది దగ్గర పేరే ఉన్న గ్వాంగ్ ఫాంగ్ జి. రెండోదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషం ఉంది. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సరు కూడా వచ్చింది. పేరులో ఒక్క ముక్క తేడా, అంతే. మన ఈశ్వరి వేరు కూడా ఆ రెండో మొక్క కుటుంబానిదే అన్నది తెలిసి ఉండడం మంచిది.

నేలవేము అంత విషం కాదు, నిజమే. కానీ మన మొక్క కాబట్టి ఏమీ చేయదనుకోవడం తప్పు. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2015లో దీని మీద ప్రత్యేక సమీక్ష జరిపి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం దాకా వెళ్లే తీవ్ర అలర్జీ వచ్చిందని హెచ్చరించింది. దీని నుంచి తీసిన పదార్థంతో చైనాలో చేసే ఒక ఇంజెక్షన్‌ను, చలి, వణుకు వచ్చాయన్న ఫిర్యాదుల మీద 2017లో ఆ దేశ నియంత్రణ సంస్థే కొన్ని బ్యాచ్‌లు వెనక్కి రప్పించింది. గర్భిణులు దీన్ని వాడకూడదు. చక్కెర మందు, బీపీ మందు, నెత్తురు పలచబడే మందు వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మింగకూడదు, వాటి పనికి ఇది తోడై చక్కెర, బీపీ మరీ దిగవచ్చు. మన సంఘం సభ్యుల్లో అరవై దాటినవాళ్లు ఈ మూడింటిలో ఏదో ఒకటి మింగనివాళ్లు ఎందరు?

ఇంతవరకూ చదివి మేము మూలికలకు శత్రువులమనుకోవద్దు. పెదవి పొక్కు మీద మనుషుల్లో పరీక్షకు నిలిచిన చైనా మూలిక ఒకటుంది, దాని పేరు దా హువాంగ్. మన పెద్దవాళ్లు రేవల్చిన్ని అంటారు. ఈ మాట పారసీకం నుంచి వచ్చింది, రేవంద్ చీనీ, అంటే చైనా రేవంద్ అని. చిన్ని అంటే చిన్నది అనుకునేవాళ్లం మనం, అది చైనా! విరేచనాల మందుగా మన మూలికల కొట్లలో తరతరాలుగా ఉన్నదే. చైనా డబ్బాలో ఉన్నది మన మొక్క, మన కొట్టులో చైనా పేరుతో ఉన్నది ఈ వేరు. దేశాల పేర్లు పట్టుకుని మందును మెచ్చుకోవడం, తిట్టడం ఎంత అర్థం లేని పనో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ పరీక్ష వివరం ఇది. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2001లో ప్రచురించారు. సుమారు 150 మంది పెదవి పొక్కుల రోగులను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు సేజ్ అనే ఆకు సారంతో చేసిన క్రీము, రెండో గుంపుకు సేజ్‌తో పాటు చైనా జాతి రేవల్చిన్ని సారం కలిపిన క్రీము, మూడో గుంపుకు అసైక్లోవిర్ క్రీము ఇచ్చారు. మానడానికి పట్టిన రోజులు సగటున వరసగా 7.6, 6.7, 6.5. అంటే రేవల్చిన్ని కలిపిన క్రీము దాదాపు ఇంగ్లీషు మందుతో సమానంగా నిలిచింది. మందు లేని క్రీము రాసిన గుంపు ఆ పరీక్షలో లేదు, అది లోటే. పైగా అది కొలత ప్రకారం తీసిన సారంతో ఫ్యాక్టరీలో చేసిన పూత మందు. కొట్టులో కొన్న వేరు అరగదీసి పెదవికి పట్టించడం ఆ పరీక్ష కిందికి రాదు. మన బజారులో దొరికేది ఎక్కువగా హిమాలయ జాతిది, అది వేరు. లోపలికి మింగితే విరేచనాలే గతి.

ఇంగ్లీషు మందు అసైక్లోవిర్ సంగతీ దాచకుండా చెప్పాలి. ఈ మందు వెనక ఉన్న పరిశోధకుల్లో గెర్‌ట్రూడ్ ఎలియన్ పేరు ముఖ్యం, ఆమెకు 1988లో నోబెల్ వచ్చింది. ఇది మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, జనరిక్ షాపుల్లో చవకగా దొరుకుతుంది. పెదవి పొక్కు మీద దీని లాభం మాత్రం కొద్దే. క్రీము రోజుకు ఐదుసార్లు రాస్తే మానే కాలంలో అరరోజో ఒక రోజో తగ్గుతుంది, అదీ చిమచిమ మొదలైన పూటే రాస్తే. పొక్కు లేచి పగిలాక రాస్తే పెద్దగా ఫలితం ఉండదు. మాటిమాటికీ వచ్చేవాళ్లకు డాక్టర్లు మాత్రలు రాస్తారు, వాటితో లాభం ఇంకొంచెం ఎక్కువ. దీని కీర్తి ఉన్నది పెదవి దగ్గర కాదు. ఇదే వైరస్ కంటికో, మెదడుకో, పసికందుకో సోకినప్పుడు ప్రాణం నిలబెట్టేది ఈ మందే. మూలిక మీద నమ్మకంతో రోజులు గడిపితే పోయేది అక్కడే.

మెడికల్ షాపుల్లో పెదవి చూపించి క్రీము అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు చేతిలో పెట్టేవాళ్లున్నారు. వాటిలో చాలావాటికి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వైరస్ పొక్కు మీద అది రాస్తే పుండు ముదురుతుంది. చైనా డబ్బాను తిట్టి ఈ ట్యూబు కొనుక్కుంటే పొయ్యిలోంచి పెనం మీద పడ్డట్టే.

ఇక చట్టం. చైనా వైద్యం మన ఆయుష్ పద్ధతుల్లో లేదు. ఆయుర్వేదం, యోగా, యునాని, సిద్ధ, హోమియోతో పాటు హిమాలయ ప్రాంతపు సోవా రిగ్పా ఉంది గాని చైనాది లేదు. అందుచేత ఈ డబ్బాలు ఆహార పూరకం అన్న పేరుతో అమ్ముడవుతాయి. ఆహార పూరకం అన్నాక ఫలానా జబ్బు నయం చేస్తుందని చెప్పే హక్కు దానికి లేదు. అందుకే డబ్బా మీద జబ్బు పేరు సన్నగా ఉంటుంది, అమ్మేవాడి నోట్లో లావుగా ఉంటుంది. మన దేశీ మందుల వైపు చూస్తే, ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల ప్రకటనకు ముందుగా అనుమతి తీసుకోవాలన్న 170వ నిబంధన 2018లో వచ్చింది. 2024 జూలైలో కేంద్రం దాన్ని తీసేసింది. తప్పుదోవ పట్టించే ప్రకటనల కేసులో సుప్రీంకోర్టు ఆగస్టులో ఆ తొలగింపు మీద స్టే ఇచ్చింది, 2025 ఆగస్టులో కేసు ముగిస్తూ స్టే ఎత్తేసింది. 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం మిగిలే ఉంది. కానీ ప్రకటన బయటికి రాకముందే ఆపే తలుపు మూసుకుపోయింది, వచ్చాక ఫిర్యాదు చేయడమే మిగిలింది. చదువుకున్న మనవాళ్లు ఈ మార్పును పట్టించుకోలేదన్నది మా బాధ. చైనా డబ్బా మీద చూపే కోపంలో పావు వంతు దీని మీద చూపినా బాగుండేది.

ఏ ఇంట్లోనైనా పెదవి పేలితే ఏం చేయాలని అడిగేవాళ్లకు మేము చెబుతున్నది కొంచెమే. దాన్ని గిల్లకూడదు, ముట్టుకున్న చేత్తో కన్ను నలపకూడదు. గ్లాసు, తువ్వాలు, లిప్‌స్టిక్ వేరుగా ఉంచుకోవాలి. ఎండకు పేలేవాళ్లు పెదవికి నీడ చూసుకోవాలి. రెండు వారాలకు మానకపోయినా, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయినా, గజ్జి తామరలాంటి చర్మవ్యాధి ఉన్న పిల్లకు ఒళ్లంతా పొక్కులు పాకినా, క్యాన్సరు మందులు వాడుతున్నవాళ్లకు వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నేలవేము కషాయం అలవాటుగా తాగేవాళ్లు తాగవచ్చు, పైన చెప్పిన జాగ్రత్తలతో. పెదవి పొక్కు దానితో పోతుందన్న లెక్క మాత్రం వేసుకోవద్దు.

అన్నిటికంటే భయపెట్టేది బారసాల. పసికందుకు ఈ వైరస్ సోకితే మెదడుకు, కాలేయానికి పాకి ప్రాణం తీయగలదు. మొదటి నెల రోజుల్లో ప్రమాదం మరీ ఎక్కువ. మన ఇళ్లలో ఇరవై ఒకటో రోజునే నూరు మంది చేతులు మారుతుంది బిడ్డ, ప్రతి మేనత్తా ముద్దు పెట్టనిదే తృప్తి పడదు. పెదవి మీద పొక్కున్న మేనత్తకు మొహమాటం లేకుండా వద్దని చెప్పగల బాలింత మన ఇళ్లలో ఎక్కడుంది? ఆ మాట ఆమె చెప్పనక్కర్లేకుండా చేయాలని సంఘం కార్యవర్గం అనుకుంది. వచ్చే నెల నుంచి మా హాలులో బారసాలకు అద్దె కట్టేవారికి రసీదుతో పాటు ఒక చీటీ ఇస్తాం. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ ఉంటుంది, ఉయ్యాల పక్కన అంటించుకోవచ్చు. పెదవి మీద పొక్కు ఉన్నవారు, మొన్నమొన్నే మానినవారు బిడ్డను దూరం నుంచి దీవించండి, ముద్దు వద్దు అని అందులో రాయించాం. అద్దెలో దీనికి వేరే రుసుం లేదు.